నల్లబడ్డ సీసాలు

బల్ల మీద వరసగా పెట్టిన పదకొండు సీసాలూ నల్లబడ్డాయి. ఒక్కటైనా తేటగా ఉందేమోనని లాబ్ కెమిస్టు కిటికీ వెలుతురులో మళ్లీ చూసింది. లేదు. పదకొండు వీధుల కుళాయి నీళ్లు, పరీక్ష మందు కలిపి ఉంచితే పదకొండూ కాటుకలా అయ్యాయి.

"నల్లబడితే మురుగు కలిసినట్టేగా?" అడిగాడు ఇంజనీరు.

"అవునండీ."

ఆమె తలెత్తలేకపోయింది. గుమ్మం పక్కన నిలబడ్డది ఆ నీళ్లు వదిలిన మనిషే. ట్యాంకులో క్లోరిన్ మందు కలిపేదీ, వాల్వు తిప్పేదీ ఆయనే. ఊరంతా ఆయన్ని నీళ్ల బాబాయ్ అంటుంది. ఆమె మాత్రం నాన్నా అంటుంది.

వరద తీశాక ట్యాంకు అడుగున పేరుకున్న బురదంతా ఆయనే ఎత్తిపోశాడు. మందు రెండుసార్లు తూచి మరీ వేశాడు. "నా చేతి నీళ్లు తాగి ఇన్నేళ్లలో ఒక్కళ్లకి కడుపునొప్పి రాలేదు" అనేది ఆయన గొప్ప. ఇంకో రెండు నెలల్లో రిటైర్మెంటు.

ఆ గొప్పలంటే ఆమెకి చిరాకు. మొన్న పొద్దున వంటగదిలోనూ అంతే. లాబ్ స్టోరు మునిగి కొత్త సీసాలు లేవు. వాడినవే ఇంటికి తెచ్చి, కడిగి, పెద్ద గిన్నెలో మరగబెట్టింది. అవతల ఇంజనీరు ఫోన్ మీద ఫోన్. గిన్నె దించేసింది.

"అప్పుడే ఉడికాయా తల్లీ సీసాలు?" అన్నాడు నాన్న, నవ్వుతూ.

"నాకు నేర్పకు. చదువుకున్నది నువ్వా, నేనా?"

"నువ్వేలేమ్మా. మన ఇంట్లో డిగ్రీ మొహం చూసింది నువ్వొక్కదానివే."

ఇప్పుడు ఆయన మొహంలో నవ్వు లేదు.

"మందు వేశానండీ" అన్నాడు ఇంజనీరుతో.

"మరి ఇవేంటి? నీ కూతురు అబద్ధం చెబుతోందా?"

ఆయన సీసాల వంక చూశాడు. కూతురి వంక చూశాడు.

"అమ్మాయి తేల్చిందంటే తప్పుండదండీ. వయసైపోయింది. నేనే ఎక్కడో పొరబడుంటాను."

తప్పు తనదేనని ఒప్పుకుంటూ కాగితం మీద సంతకం పెట్టాడు. ట్యాంకు తాళాలు బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు.

వీధిలో బిందెలతో జనం కాచుకుని ఉన్నారు.

"ఇంటి దీపమే మూతి కాల్చిందా బాబాయ్?" అన్నాడొకడు.

"మా పిల్లలకి మురుగు పోశావు కదయ్యా!" అందొకావిడ.

ఆయన అందరికీ చేతులు జోడించాడు. కిటికీలోంచి చూస్తున్న ఆమెకి, ఆ మనిషి కూతుర్నని చెప్పుకోడానికే సిగ్గేసింది. చప్పున రెక్క మూసేసింది.

నల్ల సీసాలు ఒక్కొక్కటే పెట్టెలో సర్దుతుంటే అడుగున పన్నెండోది చేతికి తగిలింది. హడావుడిలో దాని ఊసే మరిచిపోయింది. అందులో పోసింది కుళాయి నీళ్లు కావు. అసలు సీసాలు శుభ్రంగా ఉన్నాయో లేదో సరిచూసుకోడానికి, ఆసుపత్రి నుంచి తెచ్చి పోసిన, ఏ క్రిమీ లేని ఇంజెక్షన్ నీళ్లు.

అదీ నల్లబడింది.