ఈ పూటకు ఆర్మూరే కాశి

ఆర్మూర్ బస్టాండ్ దగ్గర షేర్ ఆటో దిగగానే భీమవ్వ కొంగు నడుముకు దోపుకుంది. మెడలోని బంగారు గుండ్లపేరును రవికె లోపలికి తోసుకుంది. ఇక ఎవరొస్తారో రండి అన్నట్టు చుట్టూ చూసింది.

ఆమెది నందిపేట్ దగ్గర పల్లె. ఆర్మూర్ ఆమెకు కొత్తేమీ కాదు. కానీ ఈ పూటకు అది ఆర్మూర్ కాదు, కాశి. అట్లా అనుకోమని రాజేశ్ చెప్పాడు.

రాజేశ్ ఆమె అక్క కొడుకు. ఆర్మూర్‌లో సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతాడు. పిల్లలు లేని భీమవ్వకు దవాఖానకు పోవాలన్నా, టికెట్టు తీయాలన్నా అతనే దిక్కు. భర్త పోయినప్పటి నుంచి ఆమెకు ఒకటే కోరిక, కాశి చూడాలని. ఒంటరిగా పోతే నిన్ను నిలువునా ముంచుతారని రాజేశ్ ఏటేటా మాట దాటవేస్తూ వచ్చాడు. ఈసారి ఆమె అన్నం మానేసి మొండికేసింది. చివరికి అతనే ఒక పరీక్ష పెట్టాడు.

"బుధవారం నువ్వొక్కదానివే ఆర్మూర్ రా చిన్నమ్మా. మంచి జాగల రూము నువ్వే సూసుకోవాలె. నా దోస్తులు ఏషాలేసుకొని నిన్ను మోసం చేస్తందుకు వస్తరు. ఎవలొస్తరో, ఎట్లొస్తరో చెప్ప. ఒక్కల చేతుల మోసపోయినా కాశి ముచ్చట మళ్ల ఎత్తొద్దు."

"మోసపోకుంటే?"

"ఆ దినమే టికెట్టు తీస్త."

అందుకే వచ్చింది.

మొదటివాడు గళ్ల చొక్కాతో ఎదురయ్యాడు. సిద్ధులగుట్ట మీది గుడికి వచ్చావా అవ్వా అంటూ సంచీ అందుకోబోయాడు. ఇక్కడి లాడ్జీలన్నీ నిండిపోయాయన్నాడు. తనకు తెలిసిన చోటొకటి చవకగా ఉందని, సందు లోపలికి ఉంటుంది గానీ పోయి చూస్తే రాజుగారి మేడేనని ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయాడు.

భీమవ్వకు నవ్వు ఆగలేదు. అతని బుగ్గ మీద తట్టింది.

"మంచిగనే నేర్చుకున్నవు బిడ్డా. గని జర మెల్లగ మాట్లాడాలె. గంత తొందరపడితే ముసల్దానికి సుత అనుమానమొస్తది."

అతను నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోరు మూసేలోగా సంచీ అతని నెత్తికెత్తి, ఎట్లాగూ వచ్చావు కదా మోయి అంది. ఎందుకు మోస్తున్నాడో తెలియనివాడిలా వెంట నడిచాడు.

మొదటి లాడ్జి గుమ్మంలో పొద్దున్నే ఒకడు తూలుతున్నాడు. వద్దనుకుంది. రెండోదాని గుమస్తా పేరు కంటే ముందు వెంట ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. అదీ వద్దనుకుంది. మూడోదాని పిట్టగోడ మీద చీరలు, పసిపిల్లల లాగులు ఆరేసి ఉన్నాయి. ఆడవాళ్లు ధీమాగా బట్టలు ఆరేసుకున్న చోట భయం ఉండదని ఆమె లెక్క. గుమస్తాను ఏమీ అడగలేదు. మెట్ల మీద కూతురికి జడ వేస్తున్న ఒకామె పక్కన కూర్చుని, నీళ్లొస్తాయా, రాత్రిళ్లు ఎవరైనా తలుపు కొడతారా అని ఆరా తీసింది. పైకి పోయి గడియ తనే వేసి, తీసి చూసింది. కిందికి వచ్చేసరికి సంచీ మెట్ల మీద ఉంది. గళ్ల చొక్కా లేడు. ఇంకో వేషం వేసుకోవడానికి పోయి ఉంటాడనుకుంది.

ఆ రూమే ఖాయం చేసుకుని, సంచీ భుజాన వేసుకుని, గుట్టకు పోదామని బయటికి వస్తే ఆటో అతను ఎదురొచ్చి కిరాయి చెప్పాడు. అది అందరూ ఇచ్చేదే. అయినా భీమవ్వ అతని వంక ఓరగా చూసి, నిన్ను రాజేశ్ పంపాడు కదా అంది.

"రాజేశెవలవ్వా?"

"శాబాష్. గట్లనే అనాలె. సచ్చినా ఏషం ఇడువొద్దు."

అతను తల గోక్కుంటూ వేరే బేరం చూసుకున్నాడు.

గుట్ట దారిలో పోలీసు దొరికాడు. ఖాకీ చొక్కా, నల్ల కళ్లద్దాలు, చెవుల మీదికి జారిన టోపీ. కాళ్లకు రబ్బరు చెప్పులు. గొలుసు దొంగలు తిరుగుతున్నారని, మెడలోది తీసిస్తే రుమాలులో కట్టి భద్రంగా ఇస్తానని గొంతు తగ్గించి చెప్పాడు.

భీమవ్వ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. తరువాత అతని కాలరు పట్టుకుంది.

"నువ్వు పోలీసోనివి కాదని నాకు ఎరుకే. చెప్పులేసుకొని ఎవడన్న డ్యూటీకొస్తడా? గీడనే కూసో. మా రాజేశ్‌ను పిలుస్త, ఎంత మంచిగ చేసినవో ఆయనకే చెప్త."

కొబ్బరికాయలు అమ్మేవాళ్లు లేచి ఇటే చూస్తున్నారు. అతను జేబులోంచి ఒక రుమాలు మూట తీసి ఆమె చేతిలో కుక్కాడు.

"నీ కాళ్లు మొక్కుత అవ్వా. గిది తీసుకొని నన్నిడిసిపెట్టు."

కాలరు విడిపించుకుని పరుగెత్తాడు. టోపీ దుమ్ములో పడింది. పాపం ఎండలో ఇంత కష్టపడ్డాడే అని జాలేసి, అన్నం తిని పోరా అని భీమవ్వ వెనక నుంచి కేకేసింది. అతను ఇంకా గట్టిగా పరుగెత్తాడు.

మూట విప్పి చూస్తే ఒక పుస్తెల తాడు, ఒక జత కమ్మలు. ఒక్క పూట ఆటకు ఇన్ని గిల్టు సొమ్ములు కొన్నాడా అని రాజేశ్ దుబారాకు నొచ్చుకుంది. మళ్లీ ముడి వేసి, టోపీ దులిపి సంచీలో పెట్టుకుంది.

సాయంత్రం దుకాణంలోకి ఆమె రావడం చూసి రాజేశ్ లేచి నిలబడ్డాడు. ఏదో చెప్పబోయాడు గానీ భీమవ్వ చెప్పనిస్తేగా. మూట, టోపీ అద్దాల బల్ల మీద పెట్టి, పొద్దుటి నుంచి జరిగిందంతా వేషాలతో సహా చేసి చూపించింది.

"సామాన్లు ఎవలియి వాళ్లకియ్యి. ఈసారి టోపీ తలకు సరిపోయేది తెమ్మను. ఇగ టికెట్టు తియ్యి."

రాజేశ్ మూట విప్పాడు. టోపీని అటూ ఇటూ తిప్పి చూశాడు. మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు.

"తప్పయింది చిన్నమ్మా, నా దోస్తులందరు రాత్రంత చేన్ల తవ్విన పసుపు ఉడకవెట్టి ఇంకా పండుకునే ఉన్నరు, ఇయ్యాల నీ దగ్గరికి నేను ఒక్కల్ని సుత పంపలె."