గ్యాసు కూడు

"గ్యాసు బండ లోపల్నే ఉన్నది, ఎవ్వరు దగ్గరికి పోకుండ్రి" అన్నాడు పక్కింటి కురుమూర్తి.

అంతే. అప్పటిదాకా బిందెలూ బకెట్లూ పట్టుకుని ఉరుకుతున్న వీధి వీధంతా పదడుగులు వెనక్కి జరిగింది.

మానస పల్లీల చేలోంచి పరుగెత్తుకొచ్చేసరికి ఇంటి వెనక రేకుల వంటగది గుమ్మం మండుతోంది. గోడకు ఆనించి పేర్చిన పత్తికట్టె మోపులు అంటుకున్నాయి. వాటి పక్కనే అత్త రేణుకమ్మ కట్టెల పొయ్యి. నిప్పు ఎక్కడ పుట్టిందో కళ్లున్నవాళ్లెవరికైనా తెలుస్తుంది. కానీ జనం నోట ఒకటే మాట, గ్యాసు. ఫైరింజను నాగర్‌కర్నూల్ నుంచి రావాలి. అదొచ్చేదాకా గ్యాసును తిట్టడం తప్ప చేసే పనేమీ లేదు.

మానసకు వంటిల్లు పోతుందని సగం భయం, స్టవ్వు పోతుందని సగం భయం. దాన్ని ఆమె అన్న తెచ్చిపెట్టి నెల కూడా కాలేదు. ఎప్పుడన్నా ఏమన్నా అయితే మర్నాడే స్టవ్వునూ బండనూ అన్న ఇంటికి తిప్పి పంపుతానన్న షరతు మీద భర్త శివశంకర్ ఒప్పుకున్నాడు. చీకటితో లేచి, పొయ్యి ఊది ఊది కళ్లు మండించుకుని, కూతుర్ని బడికి తయారుచేసి చేనుకు పరుగెత్తే బాధ ఆమెకు ఈ ఒక్క నెలే తప్పింది. గ్యాసునైనా ఊరికే ఖర్చు పెట్టింది లేదు. పొద్దున చాయ్‌కీ ఉప్మాకీ తప్ప ముట్టించేది కాదు. ఎంత లేదన్నా మూడు నెలలు రావాలని ఆమె ఆశ.

రేణుకమ్మ సంగతి వేరు. గ్యాసు కూడు నోట పెట్టనని మొదటిరోజే తేల్చేసింది. దాని చెవి ఎటు తిప్పాలో కూడా తనకు తెల్వదంది. కొడుకూ కోడలూ చేనుకు పోయాక తన జొన్నరొట్టె తన పొయ్యి మీదే కాల్చుకుంటానని, మోకాళ్లకు వేణ్ణీళ్లు కూడా అక్కడే కాచుకుంటానని ఊళ్లో కనబడినవాళ్లందరికీ చెప్పుకుంది. అన్నమాట మీద నిలబడే మనిషి. ఆ పట్టుదల చూసి దేవుడే మెచ్చాడేమో, ఏళ్లనాటి దగ్గు ఈ నెలలో ఇట్టే తగ్గింది. మిరియాల కషాయం పనిచేసిందని ఆమె చెబితే మానస నమ్మింది. సాయంత్రం ఇల్లు చేరేసరికి అత్త పొయ్యిలో పిల్లి ముడుచుకుని పడుకుని ఉండేది. వెచ్చగా ఉందని చేరిందనుకుని మానస నవ్వుకునేది.

మంట గుమ్మం దాటి లోపలికి నాలుక చాపింది. శివశంకర్ లుంగీ ఎగగట్టాడు.

"నేను పోయి గుంజుకొస్త."

"నువ్వాగు." అరుగు మీద కూర్చున్న రేణుకమ్మ లేచింది. "పెండ్లాం, పిల్ల ఉన్నోనివి. నేనంటే ఇయ్యాలో రేపో పోయేదాన్ని."

ఎవరూ ఆపేలోపే దండెం మీది గొంగడిని తొట్టిలో ముంచి, నెత్తిన కప్పుకుని పొగలోకి దూరింది. వెనకాలే ఉరకబోయిన మానసను ఇద్దరు ఆడవాళ్లు గట్టిగా పట్టుకున్నారు. స్టవ్వు కోసం ఈ మనిషితోనా నెలంతా మూతి ముడుచుకుని ఉన్నదీ అని ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది.

కాసేపటికి రేణుకమ్మ బయటికొచ్చింది. సిలిండరు నీళ్ల బిందెలాగా చంకన ఉంది. దాని మూతికి తెల్ల మూత కూడా బిగించే ఉంది. తెచ్చిన రోజు దాన్ని ఆటోలోంచి దించడానికి శివశంకరూ కురుమూర్తీ కలిసి పట్టి కూడా అమ్మో అన్నారు. అరవై అయిదేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పుల మనిషి, ఒక్కతే మోసుకొచ్చి వేపచెట్టు కింద పెట్టింది.

"అమ్మోరు పూనింది" అని కురుమూర్తి రెండు చేతులూ ఎత్తి మొక్కాడు. కాదన్నవాళ్లు లేరు.

బండ భయం తీరగానే వీధికి పోయిన ధైర్యం తిరిగొచ్చింది. బిందెలు కదిలాయి. ఫైరింజను వచ్చేసరికి పొగ మాత్రమే మిగిలింది. ఇంత దూరం వచ్చినందుకు వాళ్లు దాన్నే తడిపి వెళ్లారు.

శివశంకర్ మొఖం తుడుచుకుని పెళ్లాం వైపు తిరిగాడు. "షరతు యాదికున్నది గదా? రేపే పంపిస్త."

మంట లేచింది కట్టెల పొయ్యి దగ్గరేనన్న మాట మానస నాలుక చివరిదాకా వచ్చింది. ప్రాణానికి తెగించిన అత్తను, అదీ మొక్కుతున్న జనం ముందు, ఆ మాట ఎట్లా అంటుంది? మింగేసింది.

"ఏడికి పంపిస్తవురా?" అంది రేణుకమ్మ. "పాణం అడ్డమేసి తెచ్చింది పారేసేటందుకా? ఉండనీ. పొద్దుగాల కోడలు పిల్లకు పరేషాన్ ఉండది."

అమ్మోరు చెప్పాక కొడుకు మాత్రం ఏమంటాడు? ఊఁ అని తలూపాడు. మానస అత్త కాళ్లు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. రేణుకమ్మ కొంచెం ఇబ్బందిగా కాళ్లు వెనక్కి తీసుకుంది.

జనం పలచబడ్డారు. శివశంకర్ కాలిన మోపులు లాగిపారేయడానికి వెనక్కి పోయాడు. సిలిండరును ముందు గదిలో పెడదామని మానస కొంగు బిగించి, నడుము వంచి, రెండు చేతులతో పట్టి బలమంతా పెట్టి ఎత్తింది.

అది గాలిలోకి లేచివచ్చింది. వెల్లకిలా పడబోయి తమాయించుకుంది. ఒంటి చేత్తో ఊపి చూసింది. మెల్లగా తలెత్తి అత్త వైపు చూసింది.

రేణుకమ్మ అటూ ఇటూ చూసి, దగ్గరికొచ్చి, గొంతు తగ్గించింది.

"రొట్టె సగం కాలంగనే అయిపాయె బిడ్డా, జల్ది బుక్ చెయ్యి."