టేబుల్ కింద ప్రయాణం

లారీలన్నీ ఇళ్లలోంచే నడిపే రోజులొచ్చాక రెడ్డెప్ప కూడా స్టీరింగ్‌ను ఇంటికి తెచ్చుకున్నాడు. ఒకప్పుడు పిల్లలు కారు పందేల ఆటలకు వాడిన రకమే అది. దాన్ని బిగించాల్సింది మాత్రం కూతురు చదువుకునే బుల్లి కంప్యూటర్ టేబుల్‌కి. స్టీరింగ్ బిగిస్తే కీబోర్డుకు చోటు లేదు. కీబోర్డు పలక ఊడబీకితే టేబులే ఊగుతోంది. మోకాళ్లు కొట్టుకుని కమిలిపోయాయి. అలవాటుకొద్దీ కట్టిన నిమ్మకాయ, మిరపకాయల దండేమో తెరకు అడ్డం పడుతోంది.

అన్నిటికంటే బ్రేకు ప్రాణం తీస్తోంది. తొక్కితే చాలు, కింద పెట్టిన పెడల్ నున్నటి నేల బండల మీద కాలికందనంత దూరం జారిపోతోంది. మదనపల్లెలో లారీకి టమాటా లోడు ఎక్కించేశారు. కాసేపట్లో లారీ అతని చేతికొస్తుంది, దారిలో కొండ దిగే ఘాటు రోడ్డుంది.

"దీని దుంప తెగ! అంత బండిని ఆపినోణ్ని, ఈ డబ్బాను ఆపలేకపోతా ఉండానే!" అంటూ బియ్యం మూటను పెడల్ వెనక్కి తోశాడు. మూట కూడా జారింది.

భార్య నాగవేణి కొంగు దోపుకుని టేబుల్ కిందికి దూరింది. గోడకు వీపు ఆనించి, రెండు కాళ్లతో పెడల్‌ను అదిమిపట్టింది.

"ఇప్పుడు తొక్కు."

తొక్కాడు. పెడల్ జరగలేదు. తెర మీద లారీ బయల్దేరింది.

"లేయ్, నడుం పట్టేస్తాది. ఇంకేదన్నా అడ్డం పెడతా" అన్నాడు కాసేపయ్యాక, విసుగ్గానే.

"ముప్పై ఏండ్లు లారీ ఎక్కించుకోమంటే చోటు లేదంటివి. ఇప్పుడు నేను దిగను" అంది నాగవేణి కిందనుంచే. "ఘాటొస్తే చెప్పు."