స్టూళ్ళ బిల్లు

వంటగది తలుపు తోసుకొచ్చి భార్య చేతిలో ఫోను లాక్కున్నాడు దర్జీ.

"ఎవడే వాడు? వారం నుంచీ చూస్తున్నాను. నాతో ముక్తసరిగా రెండు ముక్కలు, వాడితో మనసు విప్పి కబుర్లా?"

"మనం ఓటేసి గెలిపించిన నాయకుడి ఆఫీసండీ. రోజంతా నిలబడే షాపు ఉద్యోగులకి స్టూళ్ళివ్వాలనే బిల్లు మీద రేపు అసెంబ్లీలో ఓటింగు. మా తరఫున గట్టిగా అడగమని మా బట్టల షాపువాళ్ళమంతా రోజూ ఫోన్ చేస్తున్నాం."

"అయితే మాత్రం? కాళ్ళు వాచాయనీ, నొప్పికి నిద్ర పట్టట్లేదనీ పరాయి మగాడికి చెప్పుకుంటావా?"

"మగాడూ లేడు, మనిషీ లేడు. మళ్ళీ కలిపి మీరే వినండి."

కలిపాడు. "బీప్ శబ్దం తర్వాత మీ ఇబ్బంది చెప్పండి," అంది రికార్డు చేసిన గొంతు.

దర్జీకి ప్రాణం లేచొచ్చింది. నవ్వబోయి, ఆమె పాదాల వైపు చూసి ఆగిపోయాడు. చెప్పుల పట్టీల గాట్లు చర్మంలోకి దిగబడి ఉన్నాయి. రోజంతా మిషను ముందు కూర్చునే తనకి అవి ఇన్నాళ్ళూ కనబడనే లేదు.

"ఆ రికార్డుకి చెప్పుకున్నావు. నాకెందుకు చెప్పలేదే?"

"అదైతే రోజూ అడుగుతుందండీ," అందామె.