కుదుపు

"హైవే మీద ఏం తెలుస్తది సారు? నందికొండ రోడ్డుకు తియ్యి" అన్నాడు ఎల్లేశం.

తాళంచెవి తిప్పబోయిన పరశురాం చెయ్యి ఆగిపోయింది. దేవరకొండ చుట్టూ ఇన్ని రోడ్లుండగా ఈ ముసలాయనకు ఆ రోడ్డే కావాల్సి వచ్చింది.

"అటు గుంతలున్నయి పెద్దయ్యా. డిండి దిక్కు పోదాం. రోడ్డు అద్దం లెక్కుంటది."

"అద్దం లెక్కున్న రోడ్డు మీద ఎడ్లబండి గూడ మంచిగనే పోతది. మా అల్లుడు దినాం నౌకరికి పోయేది నందికొండకే. గా రోడ్డు మీదనే చూడాలె."

ఎల్లేశం గొర్లు కాసుకునే మనిషి. భుజాన గొంగడి, చేతిలో అంచుదాకా నీళ్లున్న ఇత్తడి చెంబు. పరశురాం అమ్మకానికి పెట్టిన బండిని అల్లుడి కోసం చూడటానికి వచ్చానన్నాడు. వచ్చినవాడు ఇంజను వైపు తొంగి కూడా చూడలేదు. ముందు టైరు దగ్గర గొంతుక్కూర్చుని, దాని లోతైన గాడుల్లో వేళ్లు పెట్టి చూశాడు.

"కొత్తయి" అడగకముందే చెప్పాడు పరశురాం.

"పాతయి గూడ గిసొంటియేనా?"

"గిసొంటియే. గుట్టలెక్కే బండి గదా. జర డీజిల్ తాగుతయి గని, బురదల గూడ పట్టు ఇడువయి."

ముసలాయన తలూపి బండెక్కాడు. చెంబును ఒళ్లో పెట్టుకున్నాడు.

ఇక తప్పదని పరశురాం బండిని నందికొండ రోడ్డు మీదికి తిప్పాడు. ఈ బేరం పోగొట్టుకోవడం అతనివల్ల కాదు. ఎంతకడిగితే అంతకిచ్చి బండిని ఈ రోజే ఇంటి ముందు నుంచి పంపెయ్యాలి. మైలేజీ రావడం లేదు, అందుకే అమ్ముతున్నానని భార్య నిర్మలమ్మకు చెప్పాడు. అసలు సంగతి వేరు. పోయిన బతుకమ్మ పండుగప్పటి నుంచి, రోడ్డు ఎంత నున్నగా ఉన్నా, ఎడమ చక్రం దేని మీదికో ఎక్కి దిగినట్టు ఒక కుదుపు. మెకానిక్ సైదులు రెండుసార్లు షాక్ అబ్జార్బర్లు మార్చి, "బండిల ఏం లేదన్నా" అని చేతులు దులుపుకున్నాడు.

బండిలో ఏం లేదని పరశురాంకూ తెలుసు. ఆ రోజు సన్నగా వాన పడుతుండగా, ఈ రోడ్డు మలుపు దగ్గర చక్రం కింద ఏదో పడింది. అతను దిగి చూడలేదు. కుక్క అనుకున్నాడు. అప్పటి నుంచి రోజుకోసారి, అది కుక్కేనని తనకు తాను చెప్పుకుంటున్నాడు.

అమ్మేవాడి నోరు ఆగితే కొనేవాడికి అనుమానం వస్తుంది. అందుకని మాట్లాడుతూనే ఉన్నాడు.

"ఊర్లె తిప్పితే లీటరుకు తొమ్మిది, రోడ్డెక్కితే పన్నెండు ఇస్తది."

"చిన్న కారు ఇరవై ఇస్తదంటుండ్రు?"

"చిన్న కారు గుట్టెక్కుతదా పెద్దయ్యా?"

"మా అల్లుడు గుట్టెందుకెక్కుతడు? ఆఫీసుకు పోతడు."

పరశురాం నవ్వాడు. చాలా రోజులకు నవ్వాడు. "సరే, కూసునే సుఖం చూడు. దినాం పోయొచ్చినా నడుము నొయ్యది. నీ చెంబుల నీళ్లు ఒలికితే నన్నడుగు."

"గందుకే తెచ్చిన."

"ఇంట్ల అవ్వను గూడ తోల్కరాకపోయినవ్? ఆమె గూడ కూసొని చూసేది."

"జానమ్మనా? దారిల కలుస్తది."

"యాడ?"

"చెప్తా. పోనియ్యి."

సీతాఫలం పొదలు మొదలయ్యాయి. ఆ పొదలు దాటితే మలుపు. పరశురాం ఏసీ గురించి ఎత్తుకున్నాడు. ఏసీ వేస్తే మైలేజీ ఎంత తగ్గుతుందో చెప్పబోయి అంకె మరిచిపోయాడు. వెనక సీట్ల గురించి మొదలుపెట్టి సగంలో వదిలేశాడు. కొత్తగా తారు పోసిన రోడ్డు, ఒక్క గుంత లేదు. గుంతలున్నాయని తను ఆడిన అబద్ధం ముసలాయనకు తెలిసిపోయి ఉంటుందని భయపడ్డాడు.

మలుపు తిరిగారు. ఎడమ చక్రం ఎక్కి దిగింది.

యాక్సిలరేటర్ మీది కాలు దానంతటదే పైకి లేచింది. బండి మెల్లగా నడిచి, రోడ్డు పక్కన ఆగింది.

"ఏమైంది సారు?"

"కుదిపింది గదా" అన్నాడు పరశురాం. "నీకు తెల్వలేదా?"

"లేదు."

ఎల్లేశం చెంబు ఎత్తి చూపించాడు. నీళ్లు అంచు దగ్గరే ఉన్నాయి. ఒక్క చుక్క గొంగడి మీద పడలేదు.

"బండి మంచిగనే ఉంది సారు. కుదుపు బండిల లేదు."

అతను తొందరేమీ లేనట్టు తలుపు తీసి దిగాడు. పొదల మొదట్లో మూడు రాళ్లు పేర్చి ఉన్నాయి. వాటి మీద పసుపు, వెలిసిపోయిన కుంకుమ. ఎండి నల్లబడ్డ బంతిపూల దండ ఒకటి. పరశురాం ఇంతకుముందు వాటిని చూడలేదు. చూడాలంటే ఇక్కడ ఆగి ఉండాలి.

ఎల్లేశం రాళ్ల ముందు కూర్చుని చెంబు వంచాడు. నీళ్లన్నీ నేలలోకి ఇంకేదాకా చూశాడు. తర్వాత పరశురాం వైపు తిరగకుండానే, రాళ్లతో మాట్లాడాడు.

"తాగు జానమ్మా. నువ్వు పడ్డ కాడ బురదల చూసిన అచ్చు పట్టుకొని, గిసొంటి టైర్ల బండ్లు ఇంతకుముందే పది ఎక్కొచ్చిన. పది మంది గూడ మైలేజీ ముచ్చట చెప్పుకుంటనే గీ మలుపు దాటిండ్రు. గీ సారొక్కడే ఆపిండు."