ఎడమకు వాలిన ముడి

“ఇక్కడ ఏదీ ముట్టుకోవద్దండీ. ఆ వల ఒక్కటి తప్ప,” అన్నాడు గైడు.

ఆ చిన్న గదిలోకి దూరిన పదకొండుమంది యాత్రికులూ ఒకరి భుజం మీంచి ఒకరు తొంగిచూశారు. పొడుగు కోటు వేసుకున్న పెద్దాయన ఒక్కడు మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. సముద్రపు గాలి ఈడ్చి కొడుతుంటే చేతులు జేబుల్లో దోపుకున్నాడు.

జాలరుల పాత వీధిని ఉన్నదున్నట్టు కాపాడుతున్నారు. ఇరవై ఇళ్లు, ఒక ఉప్పు గోదాము. వాటిలో ఈ ఇంట్లో పుట్టిన మనిషే ఈ ఇంటికి గైడు. యాభై దాటాయి. పెళ్లాం లేదు, పిల్లలు లేరు, తాళంచెవుల గుత్తి తప్ప వేరే సంసారం లేదు. పగలంతా గుంపులతో గొంతు పోయేలా మాట్లాడి, సాయంత్రానికి పలకరించే దిక్కులేక అన్నం తిని పడుకునే మనిషి.

“ఇది మా నాన్న అల్లిన వల. ముళ్లన్నీ ఎడమకు వాలి ఉన్నాయి చూడండి. నాకు నాలుగేళ్లప్పుడు లంగరు తాడు నా కాలికి చుట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన చూపుడువేలు తాడుతోపాటే పోయింది. మిగిలిన వేళ్లతో అల్లితే ముడి ఇలాగే వస్తుంది.”

ఆ తర్వాత రెండేళ్లకు తుఫానులో నాన్న పడవ తిరిగి రాలేదని చెప్పాడు. అవతలి రేవులో ఆయన్ని చూశామని, అక్కడ ఎవరితోనో కాపురం పెట్టాడని కొందరు అన్నారట. ఆ మాట అన్నవాణ్ణి అమ్మ తెడ్డు పుచ్చుకుని వీధి చివరిదాకా తరిమిందట. ఆ తెడ్డు కూడా గోడకు వేలాడుతూనే ఉంది. అందరూ నవ్వారు, పెద్దాయన తప్ప.

“మరి మీరేమనుకుంటున్నారు?” అని అడిగింది ఒకావిడ.

“పోయాడనే అనుకుంటాను. అలా అనుకుంటేనే రోజూ ఈ తలుపు తియ్యగలను.”

గుంపు వెళ్లిపోయింది. పెద్దాయన కదల్లేదు. ఇల్లు మూసే వేళయిందని చెబుదామని గైడే ఆయన దగ్గరికి వెళ్లాడు.

“మీ నాన్న నాకు తెలుసు,” అన్నాడు పెద్దాయన. “ఆయన సంగతి చెబుదామనే ఇంత దూరం వచ్చాను.”

గైడు గబగబా కుర్చీ లాగి వేశాడు. “కూర్చోండి బాబాయిగారూ. ఆ రోజు పడవలో ఉన్నారా మీరు?”

“ఉన్నాను.”

నలభై ఏడేళ్లుగా ఎదురుచూసిన మనిషి ఎదురుగా నిలబడేసరికి గైడు కుర్చీ వదిలి ఇంకాస్త దగ్గరికి జరిగాడు. “ఒక్కటి చెప్పండి చాలు. అమ్మ పోయేముందు కూడా ఇదే అడిగింది. నాన్న నిజంగా పోయాడా, మమ్మల్ని వదిలేసి పోయాడా?”

పెద్దాయన కూర్చోలేదు. చాలాసేపు ఆ వల వంకే చూశాడు. నోటిదాకా వచ్చిన మాట మింగి, ఇంకో మాట కూడగట్టుకుంటున్నట్టు కనిపించాడు.

“పోయాడు నాయనా. ఆ రాత్రే పోయాడు. నీ పేరు పిలుస్తూనే మునిగిపోయాడు.”

గైడు గోడకు ఆనుకుని ఊపిరి వదిలాడు. ఈ మాట వినడానికి అమ్మ ఉంటే బాగుండేదన్నాడు. ఈ రాత్రికి ఉండిపొమ్మని బతిమాలాడు. నాన్న గురించి మాట్లాడుకోవడానికి తనకి ఇంకెవరూ లేరన్నాడు. బస్సు వెళ్లిపోతుందన్నాడు పెద్దాయన.

గైడు చెయ్యి చాచాడు. పెద్దాయన ఆ చెయ్యి అందుకోకుండా, ఎడమ చేత్తో అతని తల నిమిరాడు. ఇంత వయసొచ్చినవాడి తల నిమరడమేమిటని గైడుకి తోచలేదు. తల కాస్త వంచి నిలబడ్డాడు.

బస్సు కదిలేసరికి అతను అటు తిరిగి తలుపుకు తాళం వేస్తున్నాడు. పెద్దాయన కుడిచెయ్యి జేబులోంచి తీసి, కిటికీ అద్దానికి ఆనించి ఉంచాడు.

ఆ చేతికి చూపుడువేలు లేదు.