బెంచీ పక్కన ముసలాయన

"బాబూ, బొటనవేలు బార్ చుట్టూ తిప్పి పట్టుకో. జారితే ప్రమాదం."

బెంచీ మీద పడుకుని బరువులెత్తుతున్న కండలరాయుడు తల తిప్పి చూశాడు.

అతని అసలు పేరు ఆ జిమ్‌లో ఎవరికీ గుర్తులేదు. అద్దం ఎక్కడుంటే అతను అక్కడుంటాడు.

మాట్లాడింది నెల కిందట చేరిన ముసలాయన. పుల్లలా ఉంటాడని కండలరాయుడే ఆయనకు పుల్లయ్య అని పేరు పెట్టాడు.

"నువ్వెంత ఎత్తుతావు తాతా?"

"ముప్పై కిలోలు."

"నేను నూట ఇరవై. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట!"

చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లున నవ్వారు.

పుల్లయ్యకు కోపం రాలేదు.

"వీపు రెక్కలు దగ్గరికి లాగి బెంచీకి అదిమిపెట్టు. పాదాలు నేల వదలకూడదు. మోచేతులు మరీ పక్కలకు చాపకు. బార్‌ని ఛాతీ మీద పడెయ్యకు, మెల్లగా దించు. బలమైనా కండైనా అలాగే వస్తుంది."

"నీకు వచ్చిన కండేది? భూతద్దం తెప్పించమంటావా?"

"పోనీ, పక్కన ఒక మనిషిని నిలబెట్టుకో."

"నాకు ఆయా అక్కర్లేదు. పో!"

పుల్లయ్య పోలేదు. ఆ రోజు నుంచి కండలరాయుడు బెంచీ ఎక్కితే చాలు, వచ్చి తల దగ్గర నిలబడేవాడు. ఈగను తోలినట్టు తోలినా రెండడుగులు వెనక్కి వేసేవాడు, అంతే.

ఒక సాయంత్రం కండలరాయుడు నూట ముప్పై ఎక్కించాడు.

మొదటిసారి లేచింది. రెండోసారి చేతులు సగంలో వణికి ఆగిపోయాయి. బార్ మెడ వైపు ఒరిగింది.

"తొయ్యి బాబూ! ఆపకు, తొయ్యి!"

పుల్లయ్య రెండు చేతులూ బార్ కిందికి పోనిచ్చాడు. ఆయన లాగాడు, ఇతను తోశాడు. బార్ స్టాండ్ మీదికి చేరింది.

కండలరాయుడు లేచి కూర్చున్నాడు. ప్రాణం దక్కిందన్న సంతోషం కన్నా, నలుగురూ చూశారన్న బాధ ఎక్కువైంది.

"ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను? లేచేదాన్ని చెడగొట్టావు!"

మర్నాడు ఓనర్ దగ్గరికి వెళ్ళాడు. "ఆ ముసలాడైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

ఓనర్ ఎవరిని ఉంచుకున్నాడో చెప్పనక్కర్లేదు.

"సరే" అని పుల్లయ్య వెళ్ళిపోయాడు.

నాలుగు రోజుల తర్వాత ఒక పెద్దావిడ సంచి పట్టుకుని వచ్చింది.

"మొన్నటిదాకా ఇక్కడికొచ్చిన పెద్దాయన మా ఆయనే. బూట్లు ఇక్కడ ఉండిపోయాయట."

కండలరాయుడు అద్దం వదిలి వచ్చాడు. "ఆయనే రావచ్చుగా పెద్దమ్మా? మొహం చెల్లలేదా?"

"ఆయన ముందే వేరే ఊరు వెళ్ళారు బాబూ. అక్కడ ఏదో జిమ్‌లో చేరారట. రేపు సామానుతో నేనూ వెళ్తున్నా."

"ఇంతకీ ఏ కాలం నాటి పహిల్వాన్ మీ ఆయన?"

"పహిల్వానా! దర్జీ. అరవై దాటేదాకా సూది కన్నా బరువైంది ఎత్తి ఎరగరు."

"మరి ఈ వయసులో ఈ పిచ్చేంటి?"

ఆవిడ బూట్లు సంచిలో పెట్టుకుంది.

"మా అబ్బాయి ఒక్కడే ఎత్తుతూ బార్ మెడ మీద పడి చనిపోయాడు నాయనా, అప్పట్నుంచీ ఊళ్ళు మార్చుకుంటూ, ఎవరి బిడ్డ బెంచీ ఎక్కినా తండ్రిలా ఈయనే వెళ్ళి నిలబడుతున్నారు."